ఏడు చుట్లు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. ముందుగదిలో బాబాయి, ఆయన ఎదురుగా పంపుల కంపెనీ ఆయన. పక్కగదిలో కిటికీ కింద బల్ల దగ్గర కాయిలక్క. వంటింట్లో పిన్ని. వరండాలో పడక్కుర్చీలో, చెవికి మిషన్ పెట్టుకుని తాతయ్య. ముందుగదికీ పక్కగదికీ మధ్య గుమ్మంలో, రిజిస్టరు గుండెలకి ఆనించుకుని తను. ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం కాదో, ఆ చోటు ఈ ఇంటికి వచ్చిన రెండో రోజే వెతికిపెట్టుకుంది.

ముందుగది నిండా రేకుల పెట్టే. రెండు బీరువాలు పక్కపక్కన పడుకోబెట్టినంత ఉంటుంది. లోపల మధ్యకి ఒక రాగిరేకు వేలాడుతుంది. బయటున్న మిషన్ ఆ రేకులోకి రేడియో తరంగాలు తోస్తుంది. రేకు కింద ఏ సామాను పెడితే ఆ సామాను వాటిలో తడుస్తుంది. పక్కన ఎవరి ఫోనో మోగినప్పుడు, వాకీటాకీ పలికినప్పుడు ఆ సామాను బుర్ర తిరిగి పిచ్చిపనులు చేస్తుందా, నిలకడగా ఉంటుందా అన్నది ఇందులో తేలుతుంది. బాబాయి తయారుచేసి అమ్మేవి ఇలాంటి పెట్టెలే. ఈసారి పెట్టె పంపుల ఆయనది. ఆస్పత్రుల్లో మందు చుక్కల్ని లెక్కపెట్టి వదిలే చిన్న పంపులు ఆయన కంపెనీలో తయారవుతాయి. పెట్టెని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేముందు తన పంపునే అందులో పెట్టి చూపించమని వచ్చి కూర్చున్నాడు.

కూర్చుని, కారు తాళంచెవితో చెవి గెలుక్కుంటున్నాడు. గెలికి, బయటికి తీసి, దాని కొన వైపు ఓసారి చూసి, ప్యాంటుకి తుడిచి, మళ్ళీ లోపల పెడుతున్నాడు. తను చూపు తిప్పుకుంది.

"చిట్టీ, రా. ఆఖరి రింగు" అని పిలిచింది కాయిలక్క.

అక్క తొమ్మిదేళ్ళుగా ఇక్కడే తీగలు చుడుతోంది. బాబాయిని అన్నా అంటుంది, పిన్నిని వదినా అంటుంది. ఎడమచేతి బొటనవేలి గోరు కిందికంటా అరిగిపోయింది. మిషన్ బలాన్ని పెంచే నల్లటి రింగుని ఆ గోటితో నొక్కిపట్టి, రెండు తీగల్ని పేనినదాన్ని రంధ్రంలోంచి లాగుతుంటే తను పక్కన కూర్చుని లెక్కపెట్టాలి. ఒకళ్ళు చుట్టడం, ఒకళ్ళు పైకి లెక్కపెట్టడం అక్క పెట్టుకున్న నియమం.

"లోపల్నుంచి దూరిందే చుట్టు. బయట కనబడేది లెక్క కాదు. ఒట్టినే దూర్చి వదిలేశావనుకో, బయట ఏమీ ఉండదు. అయినా అది ఒకటే. బయట చూసి లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువ వేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసే తప్పు ఇది."

"నువ్వు చేశావా?"

"మొదటి రోజు చేశా. అన్న రింగు తీసి నా నెత్తిన పెట్టి, కిరీటం బావుందా అన్నాడు." అక్క నవ్వింది. "ఊఁ, లెక్కపెట్టు."

"ఒకటి... రెండు..." తన గొంతు తనకే సరిగ్గా వినపడదు. అక్కకి మాత్రం వినపడుతుంది. "...ఆరు. ఏడు."

"ఏడు. ఆపేశా."

బాబాయి వచ్చి నాలుగు రింగుల్నీ మిషన్ లోపలి అరలో బిగించి, డబ్బాలో కలిపిన నల్లజిగురు పైన పోశాడు. కుళ్ళిన చేపల వాసన లాంటిదేదో గదంతా కొట్టింది. గంటలో అది రాయిలా గడ్డకడుతుంది. ఆ తర్వాత లోపల ఏముందో కళ్ళతో చూసే దారి ఉండదు.

మధ్యాహ్నం పరీక్ష మొదలైంది. ముందు ఖాళీ పెట్టెలో, రాగిరేకు కింద సరిగ్గా నడిమధ్యన, పదకొండు సెంటీమీటర్ల థర్మాకోల్ దిమ్మ పెట్టారు. దాని మీద పుల్ల. పుల్ల అంటే తరంగం ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం. వేలంత ఉంటుంది కనక అందరూ అలాగే అంటారు. పుల్ల పది చూపించేదాకా బాబాయి మిషన్ని పెంచుతాడు, మిషన్ ఆ బలాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు పుల్లనీ దిమ్మనీ తీసేసి, అదే చోట పంపు పెడతారు. పంపు పైన నీళ్ళ సంచీ. పంపు నుంచి సన్నగొట్టం ఒకటి కన్నంలోంచి బయటికొచ్చి నేలమీది గాజుగ్లాసులో చుక్కలు రాలుస్తుంది. నిమిషానికి ఇరవై.

"పేజీ అయినప్పుడల్లా ఫోటో తీసి, పంపులు కొనే ఆస్పత్రివాళ్ళకి పంపించెయ్యండి. చెల్లెమ్మగారు ఉన్నారుగా. వాళ్ళకీ నమ్మకం కుదురుతుంది. ఏముంది, నా పంపు గురించి నాకు తెలీదా?" అన్నాడు పంపుల ఆయన.

పిన్ని చేతులు తుడుచుకుని ఫోన్ పట్టుకొచ్చింది.

పెట్టె తలుపుకి చుట్టూ రాగి అంచు ఇంకా వేయలేదు. అది సామాను పంపించే ముందు చేసే పని. అందుకని సందుల్లోంచి కొంత తరంగం ఇంట్లోకి కారుతుంది. మిషన్ నడుస్తోందని మొదట తెలిసేది తాతయ్యకే. ఆయన చెవి మిషన్లో ఈల మోగుతుంది.

"మొదలైందర్రోయ్!" అని వరండాలోంచి కేక వేశాడు తాతయ్య. "రైలు బయల్దేరింది!"

"మా మావయ్యగారి చెవిని మించిన మీటరు లేదు సార్" అన్నాడు బాబాయి. పంపుల ఆయన పగలబడి నవ్వాడు. ఆయన నవ్వినంతసేపూ బాబాయీ నవ్వాడు, ఆయన ఆపగానే ఆపేశాడు.

తను రాస్తోంది. రేడియోలో స్టేషను మార్చినట్టు తరంగం మారే ఒక్కో మెట్టుకీ ఒక్కో వరస. మెట్టు, బలం, నిమిషానికి చుక్కలు. అక్క గ్లాసు పక్కన నేలమీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టి చెబుతోంది. ఇరవై. ఇరవై. ఇరవై. మొదటి పేజీ ఫోటో వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడో పేజీ మధ్యలో అక్క నోరు తెరిచి మూసేసింది. గ్లాసు మీదికి వంగింది.

"అన్నా, ధార కడుతోంది."

నిజమే. చుక్కకీ చుక్కకీ మధ్య సందు లేదు. నీళ్ళు దారంలా జారుతున్నాయి.

"తెరమీద ఇరవయ్యే చూపిస్తోందిగా" అన్నాడు పంపుల ఆయన, లేవకుండానే.

"తెరమీద ఉందండీ. గ్లాసులో లేదు."

"నువ్వు లెక్క తప్పావేమో చూసుకో."

"లెక్కపెట్టడానికి చుక్కలుంటే కదండీ తప్పడానికి. వచ్చి మీరే చూడండి. గంటసేపు ఎక్కాల్సిన మందు నాలుగు నిమిషాల్లో ఎక్కేస్తుంది. ఇది మనిషికి పెడితే ఏం కావాలి?"

"మనిషి రేకుల పెట్టెలో పడుకోడమ్మా" అని పంపుల ఆయన మళ్ళీ నవ్వాడు. ఈసారి బాబాయి అందుకోవడం కాస్త ఆలస్యమైంది.

తను 'ధార' అని రాసింది. పంపుల ఆయన లేచివచ్చి, ఏదీ చూడనీ అంటూ తాళంచెవితో ఆ వరస మీద గీసినట్టు చూపించాడు. కాగితం మీద పసుపురంగు జిడ్డు సన్నగా అంటుకుంది. పేజీ పక్కకి లాక్కుందామనుకుంది. లాక్కోలేదు. ఆయన తాళంచెవి తీసేలోపే పిన్ని ఫోటో తీయడమూ, పంపేయడమూ అయిపోయింది. ఆ జిడ్డుతో సహా.

*

మర్నాడు పొద్దున్న బాబాయి తనని పిలిచాడు. "రైటరుగారూ, ఒక దిమ్మ కొయ్యాలి. ఇరవై ఒకటి."

"పదకొండు ఉంది కదా బాబాయ్."

"అది మూల చితికింది. ఇరవై ఒకటి కొయ్యి."

తను కోసింది. వేడెక్కిన తీగ మీద థర్మాకోల్ని తోస్తుంటే వచ్చే తియ్యటి కంపు గొంతుకి అడ్డం పడుతుంది. పాత దిమ్మ బాబాయి బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. మూలలు నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. ఎందుకు అబద్ధం చెప్పాడో తోచలేదు. అడగడమూ తోచలేదు.

పంపుల ఆయన పదింటికి వచ్చాడు. ఈసారి తలుపు దగ్గరే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందట. ధార అంటే ఏమిటని అడిగారట. బాబాయి తల ఊపుతూ, "అదంతా చూసుకుంటాను సార్, మీరు కూర్చోండి సార్" అంటున్నాడు. ప్రతి మాట చివరా సార్. ఇంట్లో పిన్నినీ అక్కనీ కసిరే గొంతూ ఈ గొంతూ ఒకటేనంటే నమ్మబుద్ధి కాదు.

ఖాళీ పెట్టెలో కొత్త దిమ్మ నిలబెట్టాడు బాబాయి. మధ్యలో కాదు. ఒక పక్కకి, రాగిరేకు అంచుకి దాదాపు ఆనుకునేలా. దాని మీద పుల్ల. మిషన్ని కాస్త పెంచగానే పుల్ల పది చూపించింది. మెట్టు మార్చాడు. మళ్ళీ పది. తను పది, పది, పది అని రాసుకుంటూ పోయింది. తర్వాత పుల్లనీ దిమ్మనీ తీసి, పంపుని నిన్నటి చోటే, నడిమధ్యన పెట్టాడు.

పరీక్ష మొదలైంది. చుక్కలు ఇరవై. ఇరవై.

వరండాలోంచి కేక రాలేదు. కాసేపయ్యాక తాతయ్యే చేతికర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. చెవిలోంచి మిషన్ తీసి విదిలిస్తున్నాడు.

"ఇదేంటర్రా, ఇవాళ రైలు లేదా? బ్యాటరీ పోయినట్టుందే అమ్మాయ్."

పిన్ని కొత్త బ్యాటరీ వేసి ఇచ్చింది. తాతయ్య పెట్టుకుని తల వంచి విన్నాడు. "ఉందిలే. కానీ ఈల కాదు, దోమ. ఎక్కడో దోమ."

"మిషన్ నడుస్తోంది మావయ్యగారూ. మీరెళ్ళి కూర్చోండి."

తను బాబాయి బల్ల పక్కకి చూసింది. పొడుగు దిమ్మ, పొట్టి దిమ్మ పక్కపక్కన ఉన్నాయి. పంట కాలవలో గట్టు పక్కన నీళ్ళు ఒక వడిలో ఉంటాయి, నడిమధ్యన ఇంకో వడిలో ఉంటాయి. ఈ పెట్టెలో రేకు అంచు దగ్గరే వడి ఎక్కువన్నమాట. అక్కడ పది. పంపు కూర్చున్న చోట నాలుగో, ఐదో. పంపుల ఆయన పంపు పదికి తట్టుకోలేదు. నాలుగుకి తట్టుకుంటుంది. రిజిస్టరులో మాత్రం పది, తన చేత్తో, రెండు పేజీల నిండా. దిమ్మ కోసిందీ తనే.

అక్క గ్లాసు దగ్గర్నుంచి లేచింది. ఆమె కూడా దిమ్మల వైపే చూస్తోంది.

"అన్నా, దిమ్మ మారింది."

"మారితే?"

"ఎత్తు మారింది. చోటూ మారింది."

"నీ పనేంటి? తీగ చుట్టడం. చుక్కలు లెక్కపెట్టమన్నాను కనక లెక్కపెట్టు."

"లెక్కపెడుతున్నా. ఇరవయ్యే. కానీ నేను సంతకం పెట్టను."

ప్రతి పేజీ అడుగునా 'చూసినవారు' అని ఒక గడి ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆ గడిలో అక్క పొడి అక్షరాలే పడతాయి. ఇదివరకు పరీక్ష కాగానే అక్కే అడిగి, రిజిస్టరు లాక్కుని పెట్టేది. ఇప్పుడు తను రిజిస్టరు చాపుకుని నిలబడితే, అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

పంపుల ఆయన దగ్గాడు. గొంతులో ఏదో పైకి తెచ్చుకుని, ఉమ్మడానికి చోటు వెతికి, దొరక్క మళ్ళీ మింగేశాడు. "సంతకం సంగతి తర్వాత. ముందు నాకు నిన్నటి పేజీ సంగతి కావాలి. అది ఆస్పత్రి వాళ్ళ దగ్గరుంది. నిన్న ధార, ఇవాళ ఇరవై అంటే ఊరుకుంటారా? నిన్న మీ మిషనే తప్పు కొట్టిందని రాసివ్వండి. ఎందుకు కొట్టిందో, ఎవరివల్లో అది కూడా రాయండి. కారణం లేకపోతే నమ్మరు."

బాబాయి మిషన్ వైపు చూశాడు. గడ్డకట్టిన నల్లజిగురు వైపు చూశాడు. ఆయన ముఖంలో వెతుకులాట, దొరకడం, రెండూ తనకి కనబడ్డాయి. పోగొట్టుకున్న స్క్రూ బల్ల కింద దొరికితే ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

"వైండింగ్ సార్" అన్నాడు. "రింగు మీద ఏడు చుట్లుండాలి. ఎనిమిది వేసినట్టున్నారు. బయటనుంచి లెక్కపెట్టుకుని ఉంటారు. అందుకే నిన్న మిషన్ రెట్టింపు బలంతో కొట్టింది. మీ పంపు తప్పేం లేదు సార్. కొత్తవాళ్ళు చేసే తప్పు సార్ ఇది."

అక్క ముఖం ఎర్రగా అయ్యింది, తర్వాత తెల్లగా అయ్యింది. "నేనా? బయటనుంచి?"

"జరుగుతుందిలే. ఒక్కోసారి ధ్యాస ఉండదు."

"అన్నా, నా కళ్ళలోకి చూసి చెప్పు. నేను బయటనుంచి లెక్కపెట్టానా? ఏడే వేశాను. ఇదిగో, ఈ పిల్ల పక్కన కూర్చుని లెక్కపెట్టింది. చెప్పు చిట్టీ. ఎన్ని?"

ముగ్గురూ తన వైపు చూశారు. ఏడు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట. నిన్న పొద్దున్న పైకి అన్న మాటే. బాబాయి కోపంగా చూడలేదు. మెల్లగా, చనువుగా, రైటరుగారూ అని పిలిచేటప్పటి చూపే చూశాడు. కాలేజీ దరఖాస్తు ఆయన సొరుగులో ఉంది. ఇక్కడే ఉండి చదువుకో అన్నది ఆయనే.

"టీ చల్లారిపోతోంది, వచ్చి తీసుకెళ్ళు" అని వంటింట్లోంచి పిన్ని కేకేసింది.

తను వెళ్ళింది. వెళ్ళేటప్పుడు వీపు మీద అక్క చూపు తగులుతూనే ఉంది. పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని తిరిగి వచ్చేసరికి అక్క సంచీ సర్దుకుంటోంది. చిన్న కత్తెర, గరుకు కాగితం, కళ్ళజోడు. బాబాయి అటు తిరిగి పంపుల ఆయనకి పెట్టె తలుపు ఎలా బిగిస్తారో వివరిస్తున్నాడు. టీ మీద తొరక కట్టింది. పంపుల ఆయన దాన్ని వేలితో తీసి గ్లాసు అంచుకి రాసి, తాగాడు.

*

మూడో రోజు బాబాయి చూపుడువేలు నాలుకకి అద్దుకుని రిజిస్టరు పేజీలు తిప్పాడు. "ఇక్కడ. రాయి రైటరూ. లోపం: అవుట్‌పుట్ రింగులో చుట్ల సంఖ్య తేడా. ఏడుకి బదులు ఎనిమిది. కారణం..." ఆగాడు. "కారణం, పనిచేసినవారి అజాగ్రత్త. సదరు వ్యక్తిని తొలగించడమైనది."

"ఆ రింగే ఇంకా జిగురులో ఉంది కదా బాబాయ్" అంది తను. ఇంత మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలీదు. వచ్చినా, గుసగుసలా వచ్చింది.

"ఏంటి?"

"ఏం లేదు."

రాసింది. పేజీ మూలన ఆయన ఎంగిలి తడి ఇంకా ఆరలేదు. ఆ మూల తగలకుండా మణికట్టు ఎత్తిపెట్టి రాసింది. సదరు అనే మాటలో 'ద' గుండ్రంగా కుదిరింది. కుదిరినందుకు ఒక్క క్షణం బావుంది కూడా. ఆ బావుండటం తెలియగానే చేతిలోని పెన్ను ఏదో చచ్చిన పురుగులా అనిపించింది.

"అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు బాబాయి. "ఈ పేజీ చూస్తే ఎవడూ మారుమాట్లాడడు. చూసినవారులో నీ పొడి అక్షరాలు పెట్టు. ఇకనుంచి నువ్వే."

పెట్టింది.

తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. పక్కగదిలో అక్క బల్ల మీద పిన్ని అప్పుడే ఉతికిన దుప్పట్లు మడతపెట్టి పేర్చింది. కుర్చీ వెనక, అక్క తల ఆనే చోట, గోడ మీద నూనె మరక గుండ్రంగా ఉంది.

"పిన్నీ, అక్క ఏడే వేసింది."

"తెలుసు."

తను ఏమనుకుని వచ్చిందో అది మొత్తం జారిపోయింది. పిన్నికి తెలీదేమో, తెలిస్తే బాబాయితో చెబుతుందేమో అనుకుంది.

"తెలుసా?"

"తొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నా దాని చెయ్యి. కళ్ళు మూసుకుని చుట్టినా తప్పు పోదు." పిన్ని దుప్పటి కొసలు కలిపి, "అటు పట్టుకో" అంది. ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని మడతపెట్టారు. "ఆ పంపులవాడు పెట్టె వద్దంటే మీ బాబాయి రెండేళ్ళు చేసిన పని నీళ్ళపాలు. దానికేం, చేతిలో పనుంది. ఎక్కడైనా బతుకుతుంది. నువ్విలాంటివి నెత్తిన పెట్టుకోకు. చదువుకోవడానికి వచ్చావా, పంచాయితీలు తీర్చడానికా?"

"మరి ఆ పంపు?"

"ఆ పంపేంటి?"

"ధార కట్టింది కదా."

పిన్ని తన బుగ్గ నిమిరింది. ఆ చెయ్యి సబ్బువాసన వేస్తోంది, మెత్తగా ఉంది. అంత మెత్తగా ఉన్నందుకే ఒళ్ళు జలదరించింది. "పిచ్చిపిల్లా. నీకు ఆ పంపు పెట్టబోతున్నారా, నాకు పెట్టబోతున్నారా?"

వరండాలోకి వెళ్ళింది. తాతయ్యని అడుగుదామనుకుంది. నిన్న దోమలా ఉందని అన్నది ఆయనే. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మనిషి. తను పక్కన స్టూలు మీద కూర్చోగానే తాతయ్య ముఖం చూశాడు. లోపలి మాటలు ఆయనకి ఎంత వినపడ్డాయో తెలీదు. తను నోరు తెరిచేలోపే చెవిలోంచి మిషన్ తీసి, జేబురుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"వినపడదమ్మా నాకు" అన్నాడు, తను ఏమీ అనకముందే.

ఆ మిషన్ కొనలో గులాబిరంగు మైనం కనబడింది. తను లేచి మెట్ల మీదికి వెళ్ళింది. ఈ ఇంట్లో అందరూ శుభ్రంగానే ఉంటారు. పొద్దున్నే స్నానాలు, ఉతికిన బట్టలు. అయినా తిన్నది ఎక్కడ పైకొస్తుందోనని ఆ పూట భోజనానికి వెళ్ళలేదు.

*

నాలుగో రోజు పుస్తకాల షాపుకి వెళ్ళొస్తానని చెప్పి బయటపడింది. ముందురోజు సాయంత్రమే రాసిపెట్టుకుంది, నోట్‌బుక్కులోంచి చింపిన తెల్లకాగితం మీద. నాలుగు రింగులకీ ఏడేసి చుట్లే పడ్డాయని, తనే లెక్కపెట్టిందని, రెండోరోజు దిమ్మ ఎత్తు మార్చారని, పంపు ధార కట్టిన మాట నిజమని. కింద సంతకం. ఒక్క కొట్టివేత లేదు. కాగితం జాకెట్టు లోపల పెట్టుకుంది. నడుస్తుంటే అది ఒంటికి వెచ్చగా తగులుతోంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా తీసుకుంది. వాళ్ళు వాళ్ళు, నేను నేను అనుకుంది.

బస్సుల షెడ్డు వెనక వీధిలో, కుట్టుమిషన్ల రిపేరు షాపు పక్క మెట్లెక్కితే అక్కవాళ్ళ గది. మెట్ల కింద మురుగుకాలవ మూత విరిగి, దాని మీద ఎవరో చెక్క అడ్డంపెట్టారు. తను దాటుకుని ఎక్కి తలుపు తట్టింది.

అక్క తలుపు తీసింది. తలకి తడి తువ్వాలు చుట్టుకుంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. తలుపు చెక్క మీద ఒక చెయ్యి పెట్టి నిలబడింది.

"చెప్పు."

తను కాగితం తీసి ఇచ్చింది. అక్క కళ్ళజోడు లేకుండా దూరంగా పట్టుకుని చదివింది. పెదాలు కదులుతున్నాయి. చివరిదాకా చదివి, మడతపెట్టి, కాగితంతో తన అరచేతి మీద తట్టుకుంది.

"మోటార్లు రీవైండింగ్ చేసే షాపుందే, పెద్దరోడ్డు మీద. ఆయన నన్ను రమ్మన్నాడు, ఎల్లుండి నుంచి" అంది అక్క. "నిన్న సాయంత్రం ఫోన్ చేసి వద్దన్నాడు. ఎవరో ఆయనకి ఫోటో పంపారట. చుట్లు తప్పు వేసి మిషన్ పాడుచేసిందని. రాత ఎంత బావుందో అంటున్నాడు. ఇంత పద్ధతిగా రిజిస్టరు పెట్టేవాళ్ళు అబద్ధం ఎందుకు రాస్తారమ్మా అన్నాడు."

తను నేల వైపు చూసింది. "బాబాయి రాయమన్నాడు."

"తెలుసు. ఆయన కాక ఇంకెవరు రాయమంటారు?" అక్క గొంతులో కోపం లేదు. దీపం వెలుగులో తీగ మీద గీత పడిందేమో చూసేటప్పుడు ఉండే గొంతు. "ఇప్పుడీ కాగితం ఎందుకు తెచ్చావు?"

"నిజం... నువ్వు చూపించుకుంటావని."

"ఎవరికి? నేనే రాసుకున్నానంటారు. ఆ షాపాయన ముందు రెండు కాగితాలు పెడతాననుకో. రెండింట్లోనూ ఒకటే రాత. ఏది నమ్మాలి ఆయన?"

ఆ సంగతి తనకి తోచలేదు. కాగితం రాస్తున్నప్పుడు ఎంత శుభ్రంగా రాసిందో గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

"ఆగు" అని అక్క లోపలికి వెళ్ళి ఫోన్ పట్టుకొచ్చింది. "రాత వద్దు. నువ్వు మాట్లాడు. ఇప్పుడే. ఆయన మంచివాడే, వింటాడు. ఏడు చుట్లే, నేను పక్కనే ఉన్నాను అని చెప్పు, చాలు. పంపు సంగతీ, దిమ్మ సంగతీ చెప్పకపోయినా పర్లేదు. నా చెయ్యి తప్పు కాదని ఒక్క మాట."

నంబరు నొక్కి, మోగుతుండగానే ఫోన్ తన చేతిలో పెట్టింది. ఫోన్ తడిగా ఉంది, అక్క జుట్టు నీళ్ళు.

"హలో" అంది అవతలి గొంతు. వెనక సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. "హలో, చెప్పమ్మా."

అక్క తన ముఖంలోకి చూస్తోంది. కళ్ళతోనే ఊఁ అంటోంది, రింగు పట్టుకుని లెక్కకోసం చూసినట్టే.

"హలో? ఎవరూ?"

"నేను..." అంది తను.

"నేనంటే? ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?"

బాబాయి పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పిన పది నిమిషాల్లో ఈయన బాబాయికి ఫోన్ చేస్తాడు. సాయంత్రం తను ఆ ఇంటికే వెళ్ళాలి. పిన్ని చెయ్యి, సొరుగులో దరఖాస్తు, పంపుల ఆయన తాళంచెవి, పేజీ మూల తడి, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. వాటన్నిటి మీదా తనకెంత రోతగా ఉందో, ఆ రోతని మూడు రోజులు ఎంత జాగ్రత్తగా దాచుకుందో, ఇప్పుడు నోరు తెరిస్తే ఏమవుతుందో. నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"హలో... హలో... ఏంటిది, మాట్లాడరే?"

అక్క మెల్లగా చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. "నేనేనండీ. ఏం లేదండీ. పొరపాటున తగిలింది" అని పెట్టేసింది.

కింద షాపులో ఎవరో కుట్టుమిషన్ చక్రం తిప్పి చూస్తున్నారు. కాసేపు తిరిగి ఆగిపోయింది. అక్క ఫోన్ తెరని తువ్వాలు కొసకి తుడిచింది. కాగితాన్ని ఇంకో మడత పెట్టి తన చేతికి ఇచ్చింది. తను పిడికిలి తెరవకపోతే వేళ్ళ సందులో దూర్చింది.

"అక్కా..."

"మెట్లు దిగేటప్పుడు చూసుకో. ఆ చెక్క కదులుతుంది" అంది అక్క.

తలుపు మూసింది. గట్టిగా వేయలేదు. మామూలుగా మూసి, లోపల గడియ పెట్టుకుంది.